గిద్ద నుంచి టీఎంసీ దాకా

సావనీరుకి ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు అందరిలాగే నేనూ బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. చింతచెట్టు, గంట, మధ్యాహ్నం బెల్లు తర్వాత గోడ దూకడం. అవన్నీ నాకంటే బాగా రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. నాకు చేతనైంది లెక్క. అందుకని మన పల్నాట్లో కొలతలు ఎలా మారాయో, ఆ మార్పులో మన నీళ్ల లెక్క ఎలా చిక్కుపడిందో రాస్తున్నాను. ఇది కూడా మన బడిలోనే మొదలైంది.

తొమ్మిదో తరగతిలో ఘనపరిమాణాల పాఠం వచ్చిన రోజు మా లెక్కల మాస్టారు (పేరు రాయనక్కర్లేదు, ఈ సంచిక తిరగేసే వాళ్లందరికీ తెలుసు) ముందువరస పిల్లలతో వాళ్ల ఇళ్ల నుంచి ఒక గిద్ద, ఒక తవ్వ, ఒక కుంచం తెప్పించారు. మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, "కుంచానికి ఎన్ని గిద్దలురా?" అన్నారు. అది అందరికీ నోటికొచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంటే కుంచానికి అరవై నాలుగు గిద్దలు. "అయితే కుంచం గిద్ద కంటే అరవై నాలుగింతల ఎత్తుండాలి కదా, ఏదిరా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. అరవై నాలుగింతలైతే కుంచం బడి కప్పు దాటి పోతుంది. స్కేలు పెట్టి కొలిస్తే కుంచం ఎత్తు గిద్దకి ఇంచుమించు నాలుగింతలు, మూతి వెడల్పు కూడా అంతే. తవ్వ గిద్దకి రెండింతలు. నల్లబల్ల మీద ఆయన రాసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది: ఒకటి, రెండు, నాలుగు. దాని కింద ఒకటి, ఎనిమిది, అరవై నాలుగు. పొడవు రెండింతలైతే పట్టేది ఎనిమిదింతలు. పొడవు నాలుగింతలైతే పట్టేది అరవై నాలుగింతలు.

కంచరి, కమ్మరి చేసిన పాత్రలన్నీ అచ్చంగా ఒకే ఆకారంలో ఉండవు. మాస్టారి దగ్గరున్నవి కూడా కొంచెం అటూ ఇటూగానే ఉన్నాయి. అయినా ఆ రెట్ల వరసలో ఘనం దాగి ఉందన్న సంగతి నాకు ఆరోజు తెలిసింది.

ఆ పాత కొలతల ప్రపంచం మన తాతల నాటిది. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కళ్లంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనేవాడు కాదు, 'లాభం' అనేవాడు. తర్వాత రెండు, మూడు. కౌలు, కూలి, గుడి మాన్యం, చాకలి మంగలి మేరలు అన్నీ ఆ కుంచంతోనే. కుంచం అంచుకి సమంగా చేత్తో చదును చేసి కొలిచారా, పైకి గోపురంలా రాశి పోసి కొలిచారా అనే దాని మీద కూలోడి సంసారం ఆధారపడి ఉండేది. పైగా ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచం కాదు. ఇచ్చేటప్పుడు ఒక మానిక, పుచ్చుకునేటప్పుడు ఇంకో మానిక వాడే ఆసాముల కథలు మా నాయనమ్మ చెప్పేది. 1832–33లో గుంటూరు సీమని తుడిచిపెట్టిన కరువు గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రెండు మానికలు గుర్తొస్తాయి. గింజ కరువైన చోట మానిక ఏ మాత్రం చిన్నదైనా అది ప్రాణం మీదికి వస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ గందరగోళానికి తెర దించారు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. 1962 ఏప్రిల్ నాటికి పాత తూనికలు బజారులో చెల్లకుండా పోయాయి. ఇందులో నేను గమనించిన ఒక విశేషం ఉంది. కుంచం పోయి దాని చోట లీటరు రాలేదు. ధాన్యం ఘనపరిమాణం నుంచి బరువుకి మారిపోయింది. పుట్లు పోయి 75 కిలోల బస్తాలు, క్వింటాళ్లు వచ్చాయి. రాశి పోశావా, చదును చేశావా అన్న తగువు దాంతో తీరింది. (కాటా తగువులు వేరే మొదలయ్యాయనుకోండి.)

అయితే సరిగ్గా అదే సమయంలో, అదే దేశంలో, మన గుమ్మం ముందే ఇంకో పెద్ద పని మొదలైంది. దానికి మాత్రం ఈ మీటర్ల గాలి సోకలేదు.

కృష్ణ మీద నందికొండ దగ్గర ఆనకట్ట కట్టొచ్చని 1952లో ఖోస్లా కమిటీ తేల్చింది. ఆ కమిటీ ఇక్కడికి రావడం వెనక, ఆ నివేదిక అటకెక్కకుండా చూడటం వెనక ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారి పట్టుదల ఎంతో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. డాక్టర్ కె.ఎల్. రావు గారి ఇంజినీరింగ్ మేధ దానికి తోడైంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువకి జవహర్ పేరు, ఎడమ కాలువకి లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఈలోగా 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్లు ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి, దొరికినంత కొండ మీదికి చేర్చారు.

శంకుస్థాపన 1955, కొలతల చట్టం 1956. ఆ ఒక్క ఏడాది తేడాని తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. డ్యాము అప్పటికే అడుగుల్లో పుట్టేసింది. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. క్రెస్టు గేట్లు 26, ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. కుడి కాలువ తల దగ్గర సామర్థ్యం 11,000 క్యూసెక్కులు. బియ్యం కిలోల్లోకి, బట్ట మీటర్లలోకి, పాలు లీటర్లలోకి మారిపోయినా నీళ్లు మాత్రం ఘనపుటడుగుల్లోనే ఉండిపోయాయి. తర్వాత 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కూడా కృష్ణ నీళ్లని ఆ లెక్కలోనే పంచింది. 75 శాతం నమ్మకం మీద ఏడాదికి నదిలో దొరికేవి 2,060 టీఎంసీలు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800. సాగర్ వాటా 281. అందులో కుడి కాలువకి 132, ఎడమ కాలువకి 132, ఆవిరైపోయే దానికి 17. అవార్డు 1976లో గెజిట్‌కెక్కింది. ఇక టీఎంసీ అనే మాటని ఎవరు మార్చగలరు? రాష్ట్రాల మధ్య తగువంతా ఆ మాట మీదే నిలబడి ఉంది.

ఇంతకీ ఒక టీఎంసీ అంటే ఎంత? థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్. బిలియన్ అనొచ్చు కదా అని కుర్రవాళ్లు అడుగుతారు. ఆ రోజుల్లో బ్రిటిష్ వాడుకలో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, కాబట్టి పొరపాటు రాకుండా థౌజండ్ మిలియన్ అన్నారు. తెలుగులో శతకోటి ఘనపుటడుగులు అంటే ఏ గొడవా లేదు. దీన్ని కళ్లతో చూడాలంటే మాస్టారి పద్ధతే మేలు. వెయ్యి అడుగుల పొడవు, వెయ్యి అడుగుల వెడల్పు, వెయ్యి అడుగుల ఎత్తు ఉన్న నీటి దిమ్మె ఊహించండి. అదీ ఒక టీఎంసీ. సాగర్ డ్యాము ఎత్తు పునాది నుంచి చూసినా 409 అడుగులే, అంటే ఆ దిమ్మె డ్యాముకి రెండింతల పైన ఉంటుంది. మీటర్లలో చెప్పాలంటే ఆ దిమ్మె ఒక్కో పక్క దాదాపు 305 మీటర్లు.

ఇక్కడే చాలామంది జారతారు. నేనూ జారాను కాబట్టి చెబుతున్నాను.

చదువైన కొత్తలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. చెరువు పూడిక తీసే పని. ఒక గుంత 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు. మొత్తం 400 ఘనపు మీటర్లు. తవ్వే మేస్త్రీకి ఒప్పందం మాత్రం యూనిట్ల లెక్క. మనవైపు ఇసుకైనా కంకరైనా మట్టైనా యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. మీటరుకి 3.28 అడుగులు కదా అని నేను 400ని 3.28తో గుణించి, 1,312 ఘనపుటడుగులు, పదమూడు యూనిట్లు అని ఠకీమని చీటీ రాసిచ్చాను. మేస్త్రీ చదువుకోలేదు. చీటీ చదివించుకుని, గుంత మధ్యలో లోతుకి సాక్ష్యంగా తవ్వకుండా వదిలేసిన మట్టి దిబ్బ దగ్గరికి నన్ను తీసుకెళ్లాడు. "సారూ, ఈ దిబ్బ చుట్టూ ఉన్నదంతా పదమూడు యూనిట్లేనా? నా ఆడామగా ఇన్ని రోజులు ఏం తవ్వినట్టు?" అన్నాడు. కోపం కూడా చూపలేదు. జాలిగా చూశాడు.

3.28తో ఒకసారి గుణిస్తే మారేది పొడవు ఒక్కటే. వెడల్పు కూడా మారాలి, లోతు కూడా మారాలి. 3.28ని మూడుసార్లు వేసుకుంటే ఒక ఘనపు మీటరుకి 35.3 ఘనపుటడుగులు. 400 ఘనపు మీటర్లు అంటే 14,126 ఘనపుటడుగులు, 141 యూనిట్లు. నేను రాసింది పదమూడు. పదిమంది కూలీల్లో తొమ్మిది మంది కడుపు కొట్టాను, ఒక్క దశాంశంతో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. గిద్ద, తవ్వ, కుంచం కళ్ల ముందు పెట్టి మరీ నేర్పిన పాఠాన్ని ఇంజినీరింగ్ పట్టా చేతికొచ్చాక మరిచిపోయాను. మర్నాడు పొద్దున్నే చీటీ మార్చి రాసి, నేనే వెళ్లి ఇచ్చాను. అప్పటి నుంచి ఏ ఘనపు లెక్కైనా రెండు దారుల్లో వేస్తాను. ఒకటి ఫార్ములాతో. రెండోది పొడవు, వెడల్పు, లోతు విడివిడిగా అడుగుల్లోకి మార్చి. 65.6, 32.8, 6.56. ఈ మూడూ గుణిస్తే 14,115 వస్తుంది. దశాంశాల తేడాకి పదకొండు అడుగులు పోయినా పర్వాలేదు, మనిషి కష్టం పోకూడదు.

మన పల్నాటి వాళ్లకి టీఎంసీ పేపరు మాట. పొలం దగ్గర అది పలకదు. మా పొలం ఒక మైనరు కాలువ చిట్టచివర. పై ఊళ్ల వాళ్లు తడుపుకున్నాక, లస్కరు దయ తలిస్తే, అప్పుడు మాకు నీళ్లు. నాన్న పొద్దున్నే పేపరు చూసి, "సాగర్లో ఇన్ని టీఎంసీలున్నాయంటున్నారు, మన తూముకి ఎన్నిరా?" అనేవాడు. ధాన్యం కొలిచే తూముకీ, కాలువ గట్టులోంచి నీళ్లు దిగే తూముకీ మన భాషలో ఒకే మాట. నాన్న అడిగింది రెండో తూము గురించే అయినా, ఆయన మనసులో ఉన్నది మొదటి తూము.

ఇంజినీరైన కొత్తలో ఆయనకి టీఎంసీని లీటర్లలో చెప్పబోయాను. 2,831 కోట్ల లీటర్లు. నాన్న నా ముఖం వంక చూసి ఊరుకున్నాడు. రైతుకి లీటర్లెందుకు? కిరసనాయిలు కొలుస్తామా? తర్వాత నాకు తట్టింది. రైతు నీళ్లని పారకంతో కొలుస్తాడు, ఎకరంలో ఎంత మందం నిలిచిందన్నదే ఆయన లెక్క. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. దాని మీద ఒక అడుగు మందం నీళ్లు నిలిస్తే 43,560 ఘనపుటడుగులు, ఒక ఎకరపు అడుగు. ఒక టీఎంసీని ఇలా పరిస్తే 22,957 ఎకరాల్లో అడుగు మందం నిలుస్తుంది. ఇప్పుడు క్యూసెక్కు. సెకనుకి ఒక ఘనపుటడుగు పారడం. రోజుకి 86,400 సెకన్లు కాబట్టి ఒక క్యూసెక్కు తెల్లవారుజాము నుంచి మళ్లీ తెల్లవారుజాము దాకా పారితే 86,400 ఘనపుటడుగులు, అంటే దాదాపు రెండు ఎకరపు అడుగులు. "నాన్నా, తూములోంచి ఒక క్యూసెక్కు రాత్రీ పగలూ వస్తే రెండెకరాలకి అడుగు మందం. రెండంగుళాల తడి చాలనుకుంటే పన్నెండెకరాలు" అన్నాను. "అట్లా చెప్పు మరి" అన్నాడు.

క్యూసెక్కు, టీఎంసీ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చదువుకున్న వాళ్లలోనూ ఉన్నారు. డ్యాములో లక్ష క్యూసెక్కులు నిల్వ ఉన్నాయని మాట్లాడేవాళ్లని విన్నాను. క్యూసెక్కు నడక, టీఎంసీ నడిచిన దూరం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. మన కుడి కాలువ 11,000 క్యూసెక్కులతో నిండుగా పారినా రోజుకి ఒక టీఎంసీ పూర్తిగా రాదు, 0.95 వస్తుంది. తన వాటా 132 టీఎంసీలు తెచ్చుకోవాలంటే కాలువ ఒక్క రోజు ఆగకుండా, ఒక్క అంగుళం తగ్గకుండా 139 రోజులు పారాలి. ఆ 132 టీఎంసీల్ని కుడి కాలువ కింద ఉన్న సుమారు 11 లక్షల ఎకరాల మీద పరిస్తే రెండు ముప్పావు అడుగుల మందం వస్తుంది. అదీ కాలువ తల దగ్గర లెక్క. దారిలో ఇంకిపోయేది, ఆవిరయ్యేది, గండ్లలో పోయేది తీసేశాక పొలానికి చేరేది చాలా తక్కువ. మాచర్ల, గురజాల దాటి, నరసరావుపేట దాటి, ప్రకాశం జిల్లా దాకా పోయే కాలువ అది. అందుకే కుడి కాలువ కింద అందరికీ వరి రాసివ్వలేదు, ఎక్కువ భూమికి ఆరుతడి రాశారు. పైవాళ్లు ఆరుతడి భూమిలో వరి వేస్తే చివర ఉన్నవాడికి ఏమవుతుందో ఈ రెండు ముప్పావు అడుగులే చెబుతుంది. ఊళ్ల మధ్య పగలు, రాత్రి కాపలాలు, తలలు పగిలిన గొడవలు అన్నిటి వెనకా ఉన్న భాగహారం ఇదే.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టే లెక్క ఇంకొకటుంది. సాగర్ కట్టినప్పుడు 590 అడుగుల దగ్గర నిల్వ 408 టీఎంసీలు. ఇప్పుడు అదే 590 అడుగుల దగ్గర లెక్కలోకి తీసుకునేది 312 టీఎంసీలు. నీటిమట్టం మారలేదు, గేట్లు మారలేదు, లోపల పూడిక చేరింది. 96 టీఎంసీల చోటుని మట్టి ఆక్రమించింది. ఎంతో తెలియాలంటే కుడి కాలువ ఏడాది వాటాతో పోల్చండి, దానిలో దాదాపు మూడొంతులు. 2009 అక్టోబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల 10 వేల క్యూసెక్కులు దాకా వెళ్లింది. ఆ ఉధృతి ఒక రోజంతా అలాగే ఉంటే దాదాపు 96 టీఎంసీలే అవుతుంది. మన ఇంట్లో కుంచం అడుగున ఎవరో మట్టి మెత్తి, పైన అంచు మాత్రం అలాగే ఉంచి, "కుంచం కుంచమే కదా" అన్నట్టుంది.

పైగా ఆ ఉన్న 312 కూడా మొత్తం మనవి కావు. 510 అడుగుల్ని కనీస నీటిమట్టంగా లెక్కిస్తారు, దాని కింద దాదాపు 131 టీఎంసీలు ఉండిపోతాయి. వాడుకోవడానికి మధ్యలో ఉన్నవి 180 పైచిలుకు. అందుకే పేపర్లో "డ్యాములో 200 టీఎంసీలు" అని చూసి మురిసిపోకూడదు. నీటిమట్టం చూడాలి. అది కూడా జాగ్రత్తగా. నిండినప్పుడు సాగర్ జలాశయం 285 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది, కాబట్టి పైన ఒక్క అడుగు అంటే మూడు టీఎంసీలు. కిందికి పోయేకొద్దీ లోయ ఇరుకవుతుంది, అదే ఒక్క అడుగు అంత పలకదు. 590 నుంచి 580కి దిగడం, 520 నుంచి 510కి దిగడం రెండూ పది అడుగులే, నీళ్లు మాత్రం ఒకటి కావు.

కుర్రవాళ్ల కోసం ఒక చిట్కా. 28.3 ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు. టీఎంసీ అంటే 28.3 మిలియన్ ఘనపు మీటర్లు. సాగర్ పాత నిల్వని కేంద్రం కాగితాల్లో 11,560 మిలియన్ ఘనపు మీటర్లని రాస్తారు. దాన్ని 28.3తో భాగించి చూడండి, మన 408 వచ్చేస్తుంది.

నాన్న ఇప్పుడు లేడు. మైనరు కాలువ ఉంది, తూము ఉంది, పొలం కౌలుకిచ్చాం. కౌలుదారు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అన్నా, ఈసారి సాగర్ నిండుతుందంటావా?" అని అడుగుతాడు. నేను ఎత్తు అడుగుతాను, ఆయన టీఎంసీలు చెబుతాడు.

ఒక చిన్న మనవి. స్వర్ణోత్సవానికి వచ్చేటప్పుడు మీ ఇళ్లల్లో అటక మీద పాత గిద్ద, తవ్వ, మానిక, కుంచం ఏదున్నా తీసుకురండి. లోపల ఏ ఊరిదో ఒక చీటీ రాసి వేయండి. మా పాత క్లాసు గదిలో బల్లలు వేయిస్తానని హెడ్మాస్టారు మాటిచ్చారు. లీటరు కొలపాత్ర నేను తెస్తాను. ఏ ఊరి కుంచం ఎన్ని లీటర్లు పడుతుందో కొలిచి, నల్లబల్ల మీద రాద్దాం. ఇనుపదీ ఇత్తడిదీ అయితే నీళ్లతో కొలవచ్చు. చెక్కదైతే నీళ్లు కారిపోతాయి, దానికి నాలుగు కిలోల జొన్నలు కూడా పట్టుకొస్తాను. చదును చేసి కొలవాలా, రాశి పోసి కొలవాలా అన్నది అక్కడే తేల్చుకుందాం.